నవ్వే మొహం వెనక చుక్క

ఈ కంప్యూటరు తన మీద ఏదో ఎత్తు వేస్తోందని పోలమ్మకి మొదటి రోజే అనుమానం వచ్చింది. ఇవాళ ఆఖరి రోజు. ఆ అనుమానం తీరలేదు సరికదా, ఇంకా ముదిరింది. తెర మీద పక్కపక్కన రెండు మొహాలు వస్తాయి. రెండూ ఒకే ఆడమనిషివి. ఒకదాంట్లో ఆవిడ కొంప మునిగినట్టు కళ్ళు పెద్దవి చేసుకుని ఉంటుంది, రెండోదాంట్లో కడుపు నిండా తిని వచ్చినట్టు హాయిగా నవ్వుతూ ఉంటుంది. రెప్పపాటులో రెండూ మాయమైపోయి, వాటిలో ఒకటి ఉన్న చోట తెల్ల చుక్క పడుతుంది. చుక్క ఎడమ పక్క పడితే పసుపు కాగితం అంటించిన మీట నొక్కాలి, కుడి పక్క పడితే ఆకుపచ్చ కాగితం మీట. అంతే. మళ్ళీ ఇంకొక మనిషి, మళ్ళీ రెండు మొహాలు, మళ్ళీ చుక్క. బందరులో ఇంత పెద్ద ఆసుపత్రి కట్టి, గదికి ఏసీ పెట్టి, తలుపుకి పరదా కట్టి వీళ్ళు చేసే వైద్యం ఇదీ. మాత్ర లేదు, సూది లేదు, కనీసం నాలుక చాపమని అడిగిన పాపాన పోలేదు. "ఇది మీ చూపుకి కసరత్తు పోలమ్మగారూ. భయం ఉన్నవాళ్ళ చూపు భయం ఉన్న చోటికే పరిగెడుతుంది. దాన్ని కొంచెం కొంచెంగా ఇటు మళ్ళిస్తాం" అని రాధాకుమారి మేడమ్ మొదటి రోజు చెప్పింది. ఆ మళ్ళించడం అన్న మాట దగ్గరే పోలమ్మ చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఎవరో అడగందే ఎవరూ ఎవరి చూపునీ ఊరికే మళ్ళించరు. అడిగిందెవరు?

అడిగినవాడు బయట వరండాలో బల్ల మీద కూర్చుని ఉన్నాడని ఆమె నమ్మకం. పరదా సందులోంచి కాళ్ళు కనబడుతున్నాయి. అరిగిన రబ్బరు చెప్పులు మొగుడు పున్నయ్యవి, పక్కన కొత్త తోలు చెప్పులు అన్న భూషణానివి. భూషణం బోటు సరంగు, బోటు నడిపేది అతనే, జనాన్ని ఎంచుకునేదీ అతనే. రేపు తెల్లారితే వేట నిషేధం తీరిపోతుంది. గిలకలదిండి రేవులో బోట్లన్నీ రంగులేసుకుని, ఐసు నింపుకుని, పసుపు కుంకాలు పూయించుకుని ముక్కు సముద్రం వైపు పెట్టుకుని నిలబడ్డాయి. భూషణం బోటులో ఒక్క మనిషికి చోటు మిగిల్చి ఉంచాడు, పున్నయ్య కోసం. పెళ్ళాం భయపడి మంచం పట్టిందని పున్నయ్య బోటు దిగాడు, పెళ్ళానికి భయం తీరితే మళ్ళీ ఎక్కుతాడు, రేవంతా అనుకునే మాట ఇదే. పోలమ్మకి తగ్గిందని ఇవాళ మేడమ్ చెబితే రేపు పొద్దున పున్నయ్య సముద్రం మీద ఉంటాడు. తగ్గలేదంటే భూషణం ఇంకొకణ్ణి చూసుకుంటాడు. అంటే పోలమ్మ భయమే పున్నయ్యకి లంగరు. ఆ లంగరు మెల్లిగా, తనకి తెలియకుండా ఎత్తేయడానికే ఈ ఏసీ గది, ఈ మీటలు, ఈ నవ్వే మొహాలు. ఇంతమంది కలిసి ఇంత తెలివిగా చేస్తుంటే తనొక్కతే తెలివితక్కువగా మీటలు నొక్కుతూ కూర్చోవాలా?

చుక్క కుడి పక్క పడింది. ఆకుపచ్చ. చుక్క ఎప్పుడూ నవ్వే మొహం వెనకే పడుతుందన్న సంగతి పోలమ్మ కొన్నాళ్ళకే పసిగట్టింది. ఎడమైనా కుడైనా, ఆడమనిషైనా మగమనిషైనా, భయం మొహం వెనక ఒక్కనాడూ పడలేదు. దొంగ పేకాటలో ఒకే మనిషికి మంచి ముక్కలు పడుతున్నట్టు. ఆ మాటే మేడమ్‌తో అంటే ఆవిడ దాచలేదు. అవునండీ, అదే కసరత్తు, అటు చూడటం అలవాటు కావాలనే అలా పెట్టారు అంది. దొరికిపోయిన దొంగ అంత తేలిగ్గా ఒప్పేసుకుంటే ఇంకా అనుమానించాలి కదా. మొదట్లో పోలమ్మ వేలు ప్రతిసారీ తడబడేది. ఎందుకు తడబడదు? ఆమె కళ్ళు ఈ గదిలో పెరిగినవి కావు. రేవులో కాలవలోకి బోటు తిరిగి వస్తుంటే ఒడ్డున నిలబడ్డ ఆడవాళ్ళు నవ్వే మొహాన్ని ఎప్పుడూ వెతకరు. మంచి వేట చేసుకొచ్చే బోటులో జనం చేతులూపుతారు, కేకలేస్తారు, వాళ్ళని చూడనక్కర్లేదు. చెడు మోసుకొచ్చే బోటులో మగాళ్ళంతా తల దించుకుని తాళ్ళు సర్దుతూ ఉంటారు, సర్దిన తాడునే మళ్ళీ సర్దుతారు. ఎవరికీ ఒడ్డు వైపు చూసే ధైర్యం ఉండదు. ఆ తాళ్ళు సర్దేవాళ్ళ మొహాల్లో ముందు ఎవరి మొహం చూడాలో తెలిసిన ఆడదానికి బోటు ఒడ్డుకి తగలక ముందే ఎవరి ఇంట్లో దీపం ఆరిందో తెలిసిపోతుంది. తల్లి చేయి పట్టుకుని నిలబడ్డ నాటి నుంచి పోలమ్మ ఆ చూపు నేర్చుకుంది. ఇప్పుడు ఈ పిల్ల మేడమ్ కళ్ళజోడు సర్దుకుంటూ ఆ చూపు జబ్బు అంటోంది.

పోలమ్మ తల్లిది దివిసీమ. ఉప్పెనలో అందరూ కొట్టుకుపోగా ఒక తాటిచెట్టు మొదలు కరుచుకుని మిగిలిన మనిషి. ఆవిడ పోయేదాకా మంచం కోళ్ళ కింద ఇటికలు పెట్టుకునే పడుకుంది, గాలి కొంచెం హోరెత్తితే చాలు పిల్లల్ని లేపి కూర్చోబెట్టేది, మబ్బు రంగు చూసి అన్నం వండాలో అటుకులు మూట కట్టాలో తేల్చుకునేది. ఆవిడకి జబ్బు అని ఎవరూ అనలేదు. ముందుచూపున్న మనిషి అన్నారు. పక్కిళ్ళవాళ్ళు కూడా ఆవిడ ముఖం చూసే వలలు లోపల పెట్టుకునేవారు. తల్లికి ముందుచూపైనది కూతురికి రోగం ఎలా అయ్యిందో ఆ మేడమే చెప్పాలి. చుక్క ఎడమ పక్క. పసుపు. వేలు వెళ్ళిపోయింది, ఆలోచించకముందే వెళ్ళిపోయింది. పోలమ్మకి ఒళ్ళు మండింది. ఇవాళ ఇలా కాదు, ఇవాళ తప్పులు నొక్కాలని ఇంట్లోంచి బయలుదేరేటప్పుడే ఒట్టు పెట్టుకుంది కదా. రాబోయేదానికి తప్పు నొక్కుతుంది. చుక్క కుడికి పడింది, ఆమె వేలు గాల్లో ఆగి, ఊపిరి తీసుకుని, పసుపు మీట నొక్కింది. తెర ఎర్రగా మినుకుమంది. పోనీ, మినుకుమననీ.

కిందటేడు వాయుగుండం రోజు కూడా ఆకాశం ఇలాగే ఎర్రగా ఉంది. వలతాడు బోటు కింద నీళ్ళలో తిరిగే పంకాకి చుట్టుకుని ఇంజను ఆగిపోయింది. అలా చుట్టుకున్నప్పుడు ఒకడు నోట్లో కత్తి కరుచుకుని నీళ్ళలోకి దిగి, పంకా దగ్గరికి వెళ్ళి తాడు కోసి రావాలి. భూషణం బోటులో ఆ పని ఎప్పుడూ పున్నయ్యదే. గిలకలదిండిలో ఆ పని అతనంత నేర్పుగా చేసేవాడు లేడని అందరూ అంటారు, పోలమ్మ కూడా ఒకప్పుడు ఆ మాట విని లోలోపల మురిసిపోయింది. ఆ రోజు దిగాడు, తాడు కోశాడు, కోసిన తాడు అతని కాలికి చుట్టుకుంది. భూషణం దూకి పైకి లాగాడు. ఇదంతా పోలమ్మకి ఒక్కసారి ఎవరూ చెప్పలేదు, ఒకడు ఒక ముక్క, ఇంకొకడు ఒక ముక్క. పున్నయ్యని అడిగితే "ఏముంది, దిగాను, కోశాను, పైకొచ్చాను" అనేవాడు, అన్నం కలుపుకుంటూ, తల ఎత్తకుండా. తాడు కోసినా ఇంజను తిరగలేదు, బోటు గాలికి కొట్టుకుపోయి కొన్ని రోజులకి పాలకాయతిప్ప దగ్గర తేలింది. అన్నాళ్ళూ పోలమ్మ రేవులో నిలబడే ఉంది. ఇంటికి రమ్మని చేయి పట్టి లాగినవాళ్ళని విదిలించుకుంది. తను కళ్ళు తిప్పితే బోటు మునిగిపోతుందని ఎందుకో గట్టిగా అనిపించింది. తన భయమే తాడై ఆ బోటుని పట్టుకుని ఉందని, తను వదిలితే అది వెళ్ళిపోతుందని. బోటు వచ్చింది కూడా. మరి ఆ నమ్మకం అబద్ధమని ఎలా అనడం?

బోటు వచ్చింది కానీ ఆమె మనసు రేవులోనే ఉండిపోయింది. కూర తరుగుతున్నా, తల దువ్వుకుంటున్నా అదే, కాలికి తాడు, పైన మూసుకుపోయిన నీళ్ళు, నోట్లోంచి జారబోయే కత్తి. ఒకసారి తలుచుకుంటే సరిపోయేది కాదు, మళ్ళీ మొదటి నుంచి తలుచుకోవాలి, ఎక్కడో ఏదో ముక్క చూడలేదేమోనని. గుడివాడ సంతకి ఎండు చేపలు తీసుకెళ్ళడం మానేసింది. రైలెక్కితే రేవు కనబడదు కదా. ఫోను మోగితే ఒళ్ళు చల్లబడేది, మోగకపోతే ఇంకా చల్లబడేది. పున్నయ్య మంచం పక్కన కూర్చుని, ఇంకెక్కడికీ వెళ్ళను, ఐసు ఫ్యాక్టరీలో పనికి కుదురుకుంటాను అన్నాడు. మాట నిలబెట్టుకున్నాడు. ఐసు దిమ్మలు కొట్టి కొట్టి చేతులు తెల్లగా పాలిపోయాయి, రంపపు పొట్టు వాసన వేస్తాడు. గుడివాడలో నర్సింగు చదివే కూతురు వాణి ఈ కంప్యూటరు వైద్యం సంగతి తెలుసుకుని, అమ్మా ఒక్కసారి వెళ్ళు అని ప్రాణం తీసింది. ఆ పిల్ల కూడా వాళ్ళ నాన్న పార్టీయే. పుట్టినప్పటి నుంచీ అంతే.

మొహాలు అయిపోయాయి. ఇప్పుడు వాక్యాలు. ఇది రెండో రకం కసరత్తు. తెర మీద ఒక మాట సగం చెప్పి వదిలేస్తుంది, ఒక పదంలో ఒక అక్షరం ఖాళీగా ఉంటుంది, అది నింపితేనే ముందుకు కదులుతుంది. మీ ఆయనకి ఫోను చేశారు, ఆయన ఎత్తలేదు, ఆయన పనిలో ఉన్నారు. ఆ పని అన్న మాటలో 'ని' అక్షరం ఖాళీ. పోలమ్మ మనసు మాత్రం మొదట్లో ప్రతిసారీ నీళ్ళలో ఉన్నారు అని నింపుకునేది, దానికి తెర ఒప్పుకునేది కాదు. ఇంకొకటి వస్తుంది, ఆకాశం మబ్బు పట్టింది, సాయంత్రానికి చల్లగా ఉంటుంది. చల్లగా అట. మబ్బు పడితే చల్లగా ఉంటుందని రాసినవాడు ఏ మేడ మీద టీ తాగుతూ రాశాడో. వాడి మంచం కింద ఇటికలు ఉండి ఉండవు. ఈ వాక్యాలు చదివి మొదట్లో పోలమ్మ రాధాకుమారితో దెబ్బలాడింది కూడా. ఆవిడ కోప్పడలేదు, మబ్బు పట్టిన ప్రతిసారీ వాయుగుండమే వచ్చిందా పోలమ్మగారూ అని మాత్రం అడిగింది. రాలేదు. రాలేదని తనకీ తెలుసు. తెలిసినదాన్ని ఒప్పుకోవడం వేరు, ఆ ఒప్పుకోవడానికి ఎవరో కాచుకుని కూర్చున్నారని తెలిసినప్పుడు ఒప్పుకోవడం వేరు.

పున్నయ్య మీద అనుమానం ఇవాళ్టిది కాదు. రేవులో ఏ మగాడు పెళ్ళాన్ని వారం వారం ఆసుపత్రికి వెంటబెట్టుకుని వస్తాడు? ఇతను వస్తాడు. ఫ్యాక్టరీలో బతిమాలుకుని సెలవు పెట్టి మరీ వస్తాడు. గదిలోంచి బయటికి రాగానే లేచి నిలబడి ఏమన్నారు అంటాడు, మంచినీళ్ళైనా తాగనివ్వడు. ఇంకా ఉందన్నారు అంటే, మంచిదే, తొందరేం లేదు, నిదానంగానే తగ్గనీ అంటాడు. అబ్బో, ఎంత ఓపికో. ఆ ఓపిక మీదే పోలమ్మ అనుమానం. మనసులో తొందర ఉన్నవాడే నోటితో తొందర లేదంటాడు. మాఘ పౌర్ణమికి హంసలదీవి వెళ్ళినప్పుడు సంగమంలో ఊరు ఊరంతా మునిగింది. పున్నయ్య మాత్రం జలుబు చేసిందని ఒడ్డున ఇసకలో అందరి బట్టలూ పట్టుకుని నిలబడ్డాడు. తన కోసమే దిగలేదని, తను హడలిపోతుందని దిగలేదని పోలమ్మకి అప్పుడు మనసు కరిగింది. ఇప్పుడు ఆలోచిస్తే అదీ నాటకమే అనిపిస్తోంది. మంచి చేసుకుంటున్నాడు. ఇక కత్తి సంగతి. పంకా తాడు కోసే ఆ కత్తి ఎప్పుడూ చూరులో మేకుకి వేలాడుతూ ఉండేది. నాలుగు రోజుల నాడు దుమ్ము దులుపుతూ చూస్తే మేకు ఖాళీ. అడగలేదు. అడిగితే ఏదో చెప్తాడు, అన్నం కలుపుకుంటూ. అడగనక్కర్లేదు, కత్తి ముందే బోటులో చేరిపోయింది. మేడమ్ నోటి నుంచి ఒక్క మాట రాగానే మనిషి కూడా చేరిపోతాడు.

మళ్ళీ మొహాలు వచ్చాయి, ఆఖరి విడత. పోలమ్మ నడుము సర్దుకుని కూర్చుంది. ప్రతిదీ తప్పే నొక్కాలి. చుక్క ఎడమ, ఆకుపచ్చ నొక్కింది. చుక్క కుడి, పసుపు. కానీ ఆమెకి భయం పట్టుకుంది, ఇన్నాళ్ళ భయం కాదు, కొత్తది. వేలు తప్పు నొక్కుతోంది గానీ కళ్ళు తప్పు చూడటం లేదు. కళ్ళు ఆ భయం మొహం దగ్గరికి వెళ్ళనంటున్నాయి. నవ్వే మొహం మీదే వాలి, చుక్క పడేదాకా అక్కడే హాయిగా కూర్చుంటున్నాయి. బలవంతాన అటు తిప్పితే కోతిలా మళ్ళీ ఇటు దూకుతున్నాయి. ఎప్పటి నుంచి ఇలా? నిన్న సాయంత్రం పున్నయ్య రావడం ఆలస్యమైతే తను ఏం చేసింది? చింతపండు నానేసింది. అంతే, ఇంకేమీ తలుచుకోలేదు. మొన్న ఫోను మోగితే చేతులు కడుక్కుని, తుడుచుకుని, అప్పుడు ఎత్తింది. దిండు మీద తల పెడితే తెల్లారుతోంది. ఎవరూ చూడకుండా తనకే తెలియకుండా లంగరు కదిలిపోయింది. పనిచేసింది ఈ పెట్టో, రోజులు గడవడమో, ఆ పిల్ల రాధాకుమారి నెమ్మదైన మాటలో ఎవరికి తెలుసు. కాలవ ఒడ్డున అన్నాళ్ళు పట్టుకుని నిలబడ్డ తాడు తన చేతిలో లేదు. పోలమ్మకి ఏడుపొచ్చింది. బాగుపడినందుకు ఇంతలా ఏడ్చే మనిషి ఈ గదిలో ఇంకొకరు కూర్చుని ఉండరు.

తెర ఆగిపోయింది. రాధాకుమారి కుర్చీ జరుపుకుని వచ్చి పక్కన కూర్చుంది, గీతలేవో చూపించింది, మొదట్లో ఇక్కడ ఉండేవారు, ఇప్పుడు ఇక్కడ ఉన్నారు అంది. పోలమ్మ ముక్కు చీదుకుని, ఇవాళ నేను తప్పులే నొక్కాను కదా, ఆ గీత ఎలా నమ్ముతారు అని నిలదీసింది.

"తెలిసిందండీ. తెలియక తప్పు నొక్కేవాళ్ళ వేలు ఆగదు. మీ వేలు ప్రతిసారీ ఆగి, ఆలోచించుకుని నొక్కింది. ఒప్పు ఎటుందో మీకు ముందే తెలిసిపోతోంది." ఆవిడ నవ్వలేదు. "ఎందుకు నొక్కారో నేను అడగను. నిద్ర పడుతోందా?"

పడుతోంది అని పోలమ్మ తల ఊపింది. ఆ మాట ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. మేడమ్ ఇంకా ఏదో చెప్పింది, మళ్ళీ ఎప్పుడైనా ఇబ్బందిగా ఉంటే రమ్మని, ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉంటే మొహమాటపడకుండా వెంటబెట్టుకుని రమ్మని, కుర్చీలు రెండున్నాయని. ఇంకా మనుషుల్ని పోగేస్తోంది చూడు అనుకుంది పోలమ్మ, అలవాటు కొద్దీ. బయట ఈ సంగతి మీరు చెప్పకండి, నేనే చెప్పుకుంటాను అంది. మీ సంగతి చెప్పుకునే హక్కు మీదేనండీ, నేను ఎవరికీ చెప్పను అంది రాధాకుమారి.

పరదా దాకా నడిచేసరికి పోలమ్మ తేల్చేసుకుంది. చెప్పేస్తుంది. భయం ఉన్నప్పుడు భయపడి ఆపింది, అందులో తప్పు లేదు. భయం పోయాక భయం పేరు చెప్పి మనిషిని ఐసు గదిలో కట్టి పడేయడం ఏం న్యాయం? సముద్రం మనిషి అతను. ఆ తెల్లబడ్డ చేతులు చూడలేకపోతోంది. ఎక్కనీ. కత్తి ఎలాగూ ముందే ఎక్కింది. తను మళ్ళీ గుడివాడ సంతకి వెళ్తుంది, రైల్లో కిటికీ పక్కన కూర్చుంటుంది, ఫోను మోగితే చేతులు తుడుచుకుని ఎత్తుతుంది. పరదా తీసింది. వేడి మొహానికి కొట్టింది. మృగశిర వచ్చినా ఎండ తగ్గలేదు.

బల్ల మీద ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఉన్నారు, ఎడమ పక్క భూషణం, కుడి పక్క పున్నయ్య. ఆమె కళ్ళు నేర్చుకున్న చోటికే వెళ్ళాయి. ముందు అన్న మొహం మీద వాలాయి. భూషణం అప్పటికే నవ్వుతున్నాడు.

"తగ్గింది కదా చెల్లీ? నీ మొహంలోనే తెలుస్తోంది. ఇక లే బావా, ఇంటికెళ్ళి నీ కత్తి తెచ్చుకో. నీ కత్తి లేక నా బోటుకి చెయ్యి విరిగినట్టుంది" అన్నాడు.

కత్తి తెచ్చుకో అంటున్నాడు. అంటే బోటులో లేదు. చూరులోనూ లేదు, బోటులోనూ లేదు. మరి ఎక్కడుంది? నవ్వే మొహం మీద హాయిగా కూర్చున్న చూపుని పోలమ్మ బలవంతాన లేపింది. కోతిలా ఇటు దూకబోతుంటే పట్టి, లాగి, పక్కకి తిప్పింది. పున్నయ్య ఆమె వైపు చూడటం లేదు. తల దించుకుని తువ్వాలు కొసకి ముడి వేస్తున్నాడు. వేసిన ముడి విప్పి, మళ్ళీ వేస్తున్నాడు. ఆ చేతులు ఆమె ఎరుగును. ఒడ్డుకి మొహం చూపించలేని బోటులో మగాళ్ళు తాళ్ళు సర్దే చేతులు అవి. మెడ మీద చెమట ధారగా కారుతోంది, కింది పెదవి పళ్ళ కింద ఉంది. ఇన్నేళ్ళ కాపురంలో ఆ మొహం మీద ఆమె ఎన్నడూ చూడనిది, లోపల గదిలో తెర మీద వారం వారం చూసి చూసి తన చూపు పక్కకి తప్పుకున్న ఆ భయం మొహం, అదే ఇది. ఏమన్నారు అని గబుక్కున లేచి అడిగింది ఇందుకా? తొందరేం లేదు, నిదానంగా తగ్గనీ అన్నది మనస్ఫూర్తిగానే అన్నాడా? ఇసకలో బట్టలు పట్టుకుని నిలబడ్డది జలుబు చేసి కాదు, పోలమ్మ కోసమూ కాదు. పంకా కింద తాడు చుట్టుకున్న కాలు ఇంకా అక్కడే ఉంది, అతనిది. నాకు భయమేస్తోంది అని గిలకలదిండిలో మగాడు ఎక్కడ నిలబడి చెప్పగలడు? మా ఆవిడ వద్దంటోంది అని మాత్రం చెప్పగలడు. రేవంతా నవ్వినా ఆ మాట అడ్డం పెట్టుకుని బతకగలడు. లంగరు అని తను ఎవరి కోసం మోసిందో అతనే ఆ లంగరుని గట్టిగా పట్టుకుని వేలాడుతున్నాడు. అంత దగ్గర పడుకున్న మనిషి భయం తనకి కనబడలేదు, తన భయం అంత అడ్డంగా నిలబడింది.

"లేదన్నా" అంది పోలమ్మ. "ఇంకా తగ్గలేదంట. చాలా రోజులు పడుతుందన్నారు. నువ్వు వేరే వాణ్ణి చూసుకో."

భూషణం మొహం వాడిపోయింది. ఒక్క క్షణం చెల్లెలి కళ్ళలోకి చూశాడు. నిట్టూర్చి లేచి, మా చెల్లి నిన్ను కొంగుకి కట్టేసుకుంది బావా, ఇక ఈ జన్మకి నువ్వు ఐసు కొట్టుకోవడమే అని వేళాకోళం ఆడాడు. పున్నయ్య నవ్వాడు. ఉండవలసినదానికంటే పెద్ద నవ్వు, వరండాలో అవతల కూర్చున్నవాళ్ళు తల తిప్పి చూశారు. భూషణం బండి తీసుకుని రేవు వైపు వెళ్ళిపోయాడు. ఆ చప్పుడు మలుపు తిరిగి వినబడకుండా పోయాక పోలమ్మ బల్ల మీద అన్న లేచిన చోట కూర్చుంది. తువ్వాలు ముడి ఇంకా అతని వేళ్ళ మధ్యే ఉంది. కత్తి ఏం చేశావని అడగాలనిపించింది. అడగలేదు. ఏ కాలవలోనో ఉంటుంది, ఉండనీ.

"మావా, ఎల్లుండి మళ్ళీ రమ్మన్నారు."

"మంచిదే. తొందరేముంది."

"ఈసారి నువ్వు కూడా లోపలికి రావాలంట. కుర్చీలు రెండున్నాయి."

ఎందుకని పున్నయ్య అడగలేదు. ముడి విప్పి, తువ్వాలుతో మెడ తుడుచుకుని, పరదా వైపు చాలాసేపు చూశాడు.

"నొప్పేమన్నా ఉంటుందా లోపల?" అన్నాడు మెల్లిగా.

"ఉండదు మావా. చుక్క ఎటు పడితే అటు చూడటమే" అంది పోలమ్మ.